బీబీఎస్‌లో స్క్రిప్ట్ డోర్ పెట్టడం ఎలా: ఖాళీ ఫోల్డర్ దగ్గర్నుంచి లైన్ తెగే టెస్ట్ దాకా

బీబీఎస్ (టెక్స్ట్ స్క్రీన్ మీద లాగిన్ అయ్యే బులెటిన్ బోర్డ్ సర్వర్) లేచిందండీ, లాగిన్ అవుతోంది, మెసేజ్‌లు పడుతున్నాయి, ఇక డోర్ ఎలా పెట్టాలి అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం వరసగా ఇక్కడే రాసేస్తున్నా. చరిత్ర జోలికి వెళ్ళను.

యూజర్ మెనూలో ఒకటి నొక్కితే బీబీఎస్ ఆ లైన్‌ని వేరే ప్రోగ్రామ్ చేతిలో పెడుతుంది, ఆ ప్రోగ్రామ్ పని అయ్యాక లైన్ మళ్ళీ బీబీఎస్‌కి వచ్చేయాలి, డోర్ అంటే ఇంతే. నేను చూసిన తిప్పల్లో ఎక్కువ భాగం ఆట రాసిన కోడ్‌లో ఉండవు, ఈ ఇచ్చిపుచ్చుకోవడం దగ్గరే ఉంటాయి, అందుకే ఆ రెండు చోట్లా ఎక్కువసేపు ఆగుతా.

ఉదాహరణకి ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం చూపించే చిన్న డోర్ తీసుకుందాం. జులై, ఆగస్టు వచ్చిందంటే కోనసీమలో ఎలాగూ అందరూ అడిగేది అదే కదా.

ఫైల్ పేర్లు, ఆప్షన్ పేర్లు చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నా. సిస్టమ్‌లో మాత్రం ఫైల్ పేర్లు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీలు లేకుండా పెట్టండి. లినక్స్‌కి పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు.

1. మొదలెట్టే ముందు సర్దుకోవాల్సినవి

నేను చెప్పేదంతా సింక్రోనెట్ అనే బీబీఎస్ సాఫ్ట్‌వేర్ మీద. ఫ్రీ, సోర్స్ దొరుకుతుంది, జావాస్క్రిప్ట్ లోపలే ఉంటుంది కాబట్టి మొదటిసారి పెట్టేవాళ్ళకి ఇదే సుళువు. పాత డెస్క్‌టాప్ అయినా రాస్ప్‌బెర్రీ పై అయినా చాలు.

చేతిలో ఉండాల్సినవి:

- నడుస్తున్న బీబీఎస్. కనీసం రెండు నోడ్‌లు (ఒక్కో నోడ్ మీద ఒక్కో యూజర్) ఉండాలి, ఎందుకో 7లో తెలుస్తుంది
- వేరే సిస్టమ్ మీద సింక్‌టర్మ్, అంటే బీబీఎస్‌కి కనెక్ట్ అయ్యే టెర్మినల్ ప్రోగ్రామ్. సర్వర్ మీదే కూర్చుని టెస్ట్ చేస్తే సగం తప్పులు బయటపడవు
- రెండు అకౌంట్లు, ఒకటి మీ సిసాప్‌ది (బీబీఎస్ నడిపేవాళ్ళది), ఇంకోటి లెవెల్ (అనుమతి స్థాయి) 50 ఉన్న మామూలు యూజర్‌ది
- సెట్టింగ్స్ ఉండే సీటీఆర్‌ఎల్ ఫోల్డర్ మొత్తానికి ఒక కాపీ
- ఇన్వర్టరో యూపీఎస్సో ఏదో ఒకటి

ఆ చివరిది కొట్టిపారేయకండి. గాలివాన పట్టిందంటే మా వైపు కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో లైన్‌మ్యాన్‌కి కూడా తెలీదు, డోర్ ఫైల్ రాస్తుండగా పవర్ పోతే ఆ ఫైల్ ఖాళీ అయిపోవచ్చు, ఎస్‌డీ కార్డు మీద నడిపితే కార్డే పాడవచ్చు.

లోకల్ కేబుల్ నెట్ వాడేవాళ్ళకి ఇంకో మాట. చాలా చోట్ల మీకంటూ పబ్లిక్ ఐపీ ఇవ్వరు, అలాంటప్పుడు రౌటర్‌లో పోర్ట్ ఎంత తెరిచినా బయటనుంచి ఎవరూ రాలేరు. అది డోర్ సమస్య కాదు, దాన్ని దీనితో కలిపి బుర్ర పాడుచేసుకోకండి. ముందు ఇంట్లో వైఫై మీద అన్నీ సరిచూసుకోండి.

2. లోపల నడిచే స్క్రిప్టా, బయట నడిచేదా

ఇది ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే తర్వాత సెట్టింగ్స్ అన్నీ దీన్ని బట్టే మారతాయి.

లోపల నడిచేది అంటే జావాస్క్రిప్ట్. బీబీఎస్ సర్వరే దాన్ని నడుపుతుంది, యూజర్ పేరు, లెవెల్, మిగిలిన టైమ్ అన్నీ స్క్రిప్ట్‌కి నేరుగా అందుతాయి. డ్రాప్ ఫైల్ అక్కర్లేదు.

బయట నడిచేది అంటే పైథాన్ లాంటిది. అది వేరే ప్రాసెస్, దానికి ఎవరొచ్చారో తెలీదు, అందుకని బీబీఎస్ ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ రాసి దాని చేతికిస్తుంది. డ్రాప్ ఫైల్ అనేది దాన్నే.

లెజెండ్ ఆఫ్ ద రెడ్ డ్రాగన్ లాంటి పాత డోర్ ఆటల సంగతేంటి అంటారా, అవి డాస్ ప్రోగ్రాములండీ, 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవవు, లినక్స్‌లో డాస్ ఎమ్యులేటర్ పెట్టాలి. అదో పెద్ద పని. స్క్రిప్ట్ డోర్‌కి ఆ గోల లేదు.

నా సలహా అడిగితే మొదటి డోర్ జావాస్క్రిప్ట్‌లోనే రాయండి, పైథాన్ మీకు బాగా వచ్చినా సరే.

3. ముందు ఖాళీ డోర్ నడపండి

అందరూ తప్పేది ఇక్కడే. ఆట మొత్తం రాసేసి తెచ్చి పెడతారు, అది లేవదు, తప్పు కోడ్‌లోనా సెట్టింగ్‌లోనా అని రాత్రంతా వెతుకుతారు.

డోర్లు ఉండే ఎక్స్‌టీఆర్‌ఎన్ ఫోల్డర్ కింద వరద అని ఒక ఫోల్డర్ చేయండి. అందులో వరద డాట్ జేఎస్ అని ఒక ఫైల్. దాంట్లో మూడే మూడు పనులు ఉండాలి: స్క్రీన్ తుడవడం, యూజర్ పేరుతో నమస్కారం చెప్పడం, ఒక కీ నొక్కేదాకా ఆగడం. అంతే, సేవ్ చేయండి.

ఇది లేచి, కీ నొక్కగానే మళ్ళీ మెనూకి వచ్చిందంటే ఇచ్చిపుచ్చుకోవడం కుదిరినట్టే. ఆ తర్వాత ఏది చెడినా అది మీరు కొత్తగా కలిపిన దాంట్లోనే ఉంటుంది.

ఇక్కడో జాగ్రత్త. సింక్రోనెట్ లోపల ఉన్న జావాస్క్రిప్ట్ ఇంజిన్ పాతది, స్పైడర్‌మంకీ 1.8.5. బాణం గుర్తు ఫంక్షన్లు, బ్యాక్‌టిక్ స్ట్రింగ్‌లు, ప్రామిస్‌లు ఏవీ దానికి తెలీవు. ఇవాళ్టి ట్యుటోరియల్ చూసో, ఏఐ చేత రాయించో తెచ్చి పెడితే మొదటి లైన్లోనే సింటాక్స్ ఎర్రర్ కొడుతుంది. పాత పద్ధతిలో వార్, ఫంక్షన్ అని రాసుకోండి. జేసన్ మాత్రం పనిచేస్తుంది.

4. సెట్టింగ్స్‌లో ఎక్కించడం

ఎస్‌సీఎఫ్‌జీ (సింక్రోనెట్ సెట్టింగ్స్ ప్రోగ్రామ్) తెరవండి. ఎక్స్‌టర్నల్ ప్రోగ్రామ్స్, దాంట్లో ఆన్‌లైన్ ప్రోగ్రామ్స్, దాంట్లో ఒక సెక్షన్. సెక్షన్ లేకపోతే ముందు అది చేసుకోండి. ఇన్సర్ట్ కీ నొక్కితే కొత్త డోర్ అడుగుతుంది. ఇక వరసగా:

- పేరు: మెనూలో కనపడేది, ఏదైనా పెట్టుకోవచ్చు
- ఇంటర్నల్ కోడ్: 8 అక్షరాల్లోపు. ఒకసారి పెట్టాక మార్చకండి, వేరే స్క్రిప్ట్‌లో ఈ కోడ్‌తో పిలిచి ఉంటే అవన్నీ తెగిపోతాయి
- స్టార్టప్ డైరెక్టరీ: రెండు చుక్కలు, స్లాష్, ఎక్స్‌టీఆర్‌ఎన్, స్లాష్, వరద. ఇది సీటీఆర్‌ఎల్ ఫోల్డర్ నుంచి లెక్క
- కమాండ్ లైన్: ముందు ? గుర్తు, దానికి అంటించి ఫైల్ పేరు. ఆ ? ఉంటేనే ఇది జావాస్క్రిప్ట్ అని బీబీఎస్‌కి తెలుస్తుంది
- యాక్సెస్ రిక్వైర్‌మెంట్స్: ప్రస్తుతానికి లెవెల్ 90, అంటే మీకు తప్ప ఎవరికీ కనపడదు
- మల్టిపుల్ కాంకరెంట్ యూజర్స్: నో
- డ్రాప్ ఫైల్ టైప్: నన్
- పాజ్ ఆఫ్టర్ ఎగ్జిక్యూషన్: ఎస్. ఎర్రర్ వస్తే స్క్రీన్ మారిపోకుండా ఆగుతుంది

సేవ్ చేసి బయటికి రండి. మీరు లాగిన్ అయి ఉంటే డిస్కనెక్ట్ అయి కాసేపాగి మళ్ళీ రండి, ఎందుకంటే నోడ్‌లు ఖాళీ అయ్యాకే సర్వర్ కొత్త సెట్టింగ్స్ చదువుకుంటుంది. స్క్రిప్ట్ ఫైల్ మారిస్తే మాత్రం ఇదేం అక్కర్లేదు, మళ్ళీ డోర్‌లోకి వెళ్తే కొత్తదే నడుస్తుంది.

లేవకపోతే గాలిలో ఊహించకండి. డేటా ఫోల్డర్‌లో ఎర్రర్ లాగ్ ఉంటుంది, టెర్మినల్ సర్వర్ లాగ్ కూడా ఉంటుంది, ఏ ఫైల్లో ఏ లైన్లో తప్పో అక్కడే రాసి ఉంటుంది. చాలామంది అది తెరవకుండానే సర్వర్ మొత్తం తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

5. ఇప్పుడు అసలు పని

వరద డోర్ చేయాల్సింది ఇది: ఆఖరున నమోదైన మట్టం చూపించాలి, యూజర్ ఒక అంకె కొడితే అది ఏ హెచ్చరికో చెప్పాలి, అనుమతి ఉన్నవాళ్ళు కొత్త మట్టం నమోదు చేయగలగాలి.

ధవళేశ్వరం లెక్క మీకు తెలిసిందే, 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. స్క్రిప్ట్‌లో వీటిని పైనుంచి కిందకి చూడాలి. ముందు 17.75 దాటిందా, లేకపోతే 13.75, అదీ లేకపోతే 11.75. తిరగేసి కింద నుంచి మొదలెడితే 18 అడుగులు కొట్టినా 11.75 దాటింది కదా అని మొదటి హెచ్చరిక దగ్గరే ఆగిపోతుంది. చూడ్డానికి చిన్న తప్పు, కానీ గోదావరి లంకల్లో ఉన్నవాళ్ళు చూసే డోర్‌లో అది ఉండకూడదు.

రాసే వరస:

ముందు ఫైల్ చదవండి. ఇక్కడే రెండో పెద్ద గొయ్యి. జావాస్క్రిప్ట్ డోర్ సర్వర్ లోపల నడుస్తుంది కాబట్టి వట్టి ఫైల్ పేరు ఇస్తే అది మీ వరద ఫోల్డర్‌లో వెతకదు, సీటీఆర్‌ఎల్‌లో వెతుకుతుంది. ఫైల్ కళ్ళెదురుగా ఉన్నా లేదంటుంది. జేఎస్ డాట్ ఎగ్జెక్ అండర్‌స్కోర్ డిర్ అని ఒకటుంది, స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్ అదే చెప్తుంది, దాన్ని ఫైల్ పేరుకి ముందు తగిలించండి.

తర్వాత చూపించండి. మట్టం ఒక్కటే కాదు, ఎవరు నమోదు చేశారు, ఏ తారీఖు ఎన్ని గంటలకి అనేది పక్కనే ఉండాలి. నిన్న సాయంత్రం 12 అడుగులు ఇవాళ పొద్దున్నకి ఏమైనా అయి ఉండొచ్చు, టైమ్ లేని అంకె చూపించే కన్నా ఏమీ చూపించకపోవడమే మేలు. ఇది అధికారిక సమాచారం కాదు అని కూడా ఒక లైన్ పెట్టేయండి.

ఆపైన అడగండి. జనం ఏం కొడతారో మీ చేతిలో ఉండదు. 13.9 అని కొట్టేవాళ్ళుంటారు, 13,9 అనేవాళ్ళుంటారు, అంకె పక్కన అడుగులు అని కూడా కలిపేవాళ్ళుంటారు, చుక్క మర్చిపోయి 1375 అనేవాళ్ళుంటారు. కామాని చుక్కగా మార్చండి, అంకె కాకపోతే మళ్ళీ అడగండి, 0 నుంచి 30 మధ్యలో లేకపోతే ఒప్పుకోకండి. పై హద్దు మరీ తగ్గించి 20 అని పెట్టకండి, 2022 జులైలో మూడో హెచ్చరిక ఎంత దాటిందో అందరం చూశాం. వట్టి ఎంటర్ కొడితే బయటికి వెళ్ళిపోవాలి, ఇది మాత్రం తప్పనిసరి.

ఆఖరున నమోదు. యూజర్ లెవెల్ చూసి 60 పైనున్నవాళ్ళకే ఆ ఆప్షన్ చూపించండి. ఎవరు పడితే వాళ్ళు సరదాకి 18 అడుగులని కొట్టేస్తే అర్ధరాత్రి ఫోన్లు మీకే వస్తాయి.

తెలుగులో చూపించొచ్చా అంటే, ప్రస్తుతానికి వద్దు. సింక్‌టర్మ్ మామూలుగా వాడేది సీపీ437 అనే పాత డాస్ కాలపు అక్షరాలు, వాటిలో తెలుగు లేదు. యూటీఎఫ్ 8 టెర్మినల్‌తో వస్తే అక్షరాలు వస్తాయేమో గానీ ఒత్తులు, గుణింతాల వల్ల ఎన్ని గళ్ళు పడుతుందో లెక్క తప్పి బాక్సులు, కాలమ్‌లు అన్నీ పక్కకి జరుగుతాయి. మనం వాట్సాప్‌లో కొట్టినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పెట్టేయండి, అందరూ చదువుతారు. స్క్రీన్ 80 గళ్ళు, 24 లైన్లు అనుకుని రాయండి.

6. పైథాన్‌లోనే రాస్తానంటే

సెట్టింగ్స్‌లో మారేవి:

- కమాండ్ లైన్: ? తీసేయండి. పైథాన్3, స్క్రిప్ట్ పేరు, ఆఖరున % గుర్తుకి అంటించి చిన్న ఎఫ్
- నేటివ్ ఎగ్జిక్యూటబుల్: ఎస్
- ఐ/ఓ మెథడ్: స్టాండర్డ్
- డ్రాప్ ఫైల్ టైప్: డోర్32 డాట్ సిస్

ఆ % ఎఫ్ ఉన్నచోట డ్రాప్ ఫైల్ పూర్తి అడ్రస్ వచ్చి పడుతుంది. ఫలానా నోడ్ ఫోల్డర్‌లో ఫలానా పేరుతో ఉంటుందిలే అని స్క్రిప్ట్‌లో మీరే రాసేస్తే నోడ్ 2 మీద వచ్చినవాడికి నోడ్ 1 వాడి పేరు కనపడుతుంది, లినక్స్‌లో అయితే పెద్ద అక్షరాలు చిన్న అక్షరాల తగువు కూడా తోడవుతుంది.

డోర్32 ఫైల్లో మొత్తం 11 లైన్లు. మనకి ఎక్కువగా కావాల్సినవి 7వ లైన్ యూజర్ మారుపేరు, 8వది లెవెల్, 9వది మిగిలిన నిమిషాలు, 10వది టెర్మినల్ రకం, 11వది నోడ్ నంబర్. పదో లైన్లో 0 ఉంటే రంగులు పంపకండి, 1 ఉంటే ఆన్సీ, అంటే రంగులు పంపొచ్చు.

యూజర్ పేరుని కమాండ్ లైన్లో పంపే పద్ధతి కూడా ఉంది, వాడకండి. షెల్ ద్వారా నడుస్తుంటే పేరులో సెమీకోలన్ పెట్టుకున్నవాడు మీ సిస్టమ్ మీద వాడికి కావాల్సిన కమాండ్ నడిపేసుకోగలడు. పేరు డ్రాప్ ఫైల్లోంచే తీసుకోండి.

పైథాన్‌లో ఇంకో రెండు. ప్రింట్ చేసింది వెంటనే కనపడకపోతే అది బఫర్‌లో ఆగిందని అర్థం, పైథాన్3 పక్కన మైనస్ యూ పెట్టండి. బాక్స్ గీతల బదులు పిచ్చి అక్షరాలు వస్తే మీ స్క్రిప్ట్ యూటీఎఫ్ 8లో పంపుతోంది, అవుట్‌పుట్ ఎన్‌కోడింగ్‌ని సీపీ437కి మార్చండి, పైథాన్ 3.7 నుంచి రీకాన్ఫిగర్ అనే దాంతో ఒక్క లైన్లో అయిపోతుంది.

7. బయటికొచ్చే దారులు

డోర్‌లోంచి యూజర్ మూడు రకాలుగా బయటికి వస్తాడు. తనంతట తాను క్విట్ కొట్టడం, టైమ్ అయిపోవడం, లైన్ తెగిపోవడం. మొదటిది అందరూ రాస్తారు, మిగతా రెండూ వదిలేస్తారు. మనవైపు నెట్‌కి మూడోదే ఎక్కువ జరుగుతుంది.

జావాస్క్రిప్ట్‌లో ప్రధాన లూప్ దగ్గరే బీబీఎస్ డాట్ ఆన్‌లైన్ ఇంకా నిజమేనా, జేఎస్ డాట్ టెర్మినేటెడ్ అయిందా అని ప్రతిసారీ చూడండి. లైన్ పోయిన స్క్రిప్ట్‌ని సింక్రోనెట్ తనంతట తాను కూడా ఆపుతుంది, కానీ ఎక్కడ ఆపుతుందో మీ చేతిలో ఉండదు, సగం రాసిన ఫైల్ మిగిలిపోవచ్చు.

పైథాన్‌లో అసలు ప్రమాదం ఏ ఎర్రర్ వచ్చినా పట్టుకుని మళ్ళీ అడుగు అని రాసే అలవాటు. లైన్ తెగాక ఇన్‌పుట్ అడిగిన ప్రతిసారీ ఈఓఎఫ్ (ఇక ఇన్‌పుట్ రాదు అనే) ఎర్రర్ వస్తుంది, దాన్ని మీరు మింగేసి మళ్ళీ అడుగుతారు, మళ్ళీ వస్తుంది, ఇక అది గుడ్డెద్దు చేలో పడ్డట్టు తిరుగుతూనే ఉంటుంది, సీపీయూ నూరు శాతం, ఫ్యాన్ గోల. అంకె తప్పు కొట్టినప్పుడు వచ్చే వాల్యూ ఎర్రర్ ఒక్కటే పట్టుకోండి, ఈఓఎఫ్ వస్తే సేవ్ చేసి బయటపడండి.

టెస్ట్ ఎలాగంటే, డోర్‌లోకి వెళ్ళి ప్రశ్న అడుగుతున్న చోట సింక్‌టర్మ్ విండోని అలాగే మూసేయండి. కాసేపాగి సర్వర్‌లో ప్రాసెస్ లిస్ట్ చూడండి, నోడ్ ఖాళీ అయిందా, పైథాన్ ప్రాసెస్ మిగిలిందా. తర్వాత వైఫై ఆపేసి కూడా చూడండి, అది వేరే రకం. విండో మూస్తే సర్వర్‌కి వెంటనే తెలుస్తుంది, వైఫై పోతే వెంటనే తెలీదు, ఇనాక్టివిటీ టైమ్ అయ్యేదాకా నోడ్ పట్టుకునే ఉంటుంది.

బయటికొచ్చేముందు రంగు నార్మల్‌కి తేవడం మర్చిపోకండి, లేకపోతే బీబీఎస్ మెనూ మొత్తం ఎర్రగా వస్తుంది.

ఇద్దరు ఒకేసారి వస్తే? మల్టిపుల్ యూజర్స్ నో పెట్టాం కాబట్టి ఒకరు లోపలుండగా రెండోవాళ్ళు ఆగాలి. ఎస్ చేయాలంటే ముందు ఫైల్ సంగతి చూడాలి. సింక్రోనెట్‌లో ఫైల్ తెరిస్తే మామూలుగా అది మీ ఒక్కరికే దొరుకుతుంది, అదే టైమ్‌లో ఇంకో నోడ్ తెరవబోతే ఓపెన్ అనేది ఫాల్స్ ఇస్తుంది. ఆ ఫాల్స్ చూసుకోకుండా చదివేస్తే మట్టం ఖాళీగా వస్తుంది, ఇంకా ఘోరం, ఆ ఖాళీనే మళ్ళీ సేవ్ చేస్తారు. ఫాల్స్ వస్తే కొంచెం ఆగి మళ్ళీ ప్రయత్నించాలి, తెరిచిన వెంటనే చదివి మూసేయాలి. యూజర్ టైప్ చేస్తున్నంతసేపూ ఫైల్ తెరిచి ఉంచకండి, వాడు టీ తాగడానికి లేచి వెళ్తే మిగతావాళ్ళంతా వెయిటింగే.

8. ఇలా కనపడితే అలా చేయండి

- లైన్లు మెట్లుమెట్లుగా కుడివైపు జారుతున్నాయి: లైన్ చివర న్యూలైన్ ఒక్కటే పంపుతున్నారు, ముందు క్యారేజ్ రిటర్న్ కూడా పంపండి
- మెనూలో డోర్ కనపడట్లేదు: యాక్సెస్ లెవెల్ చూడండి, ఆ తర్వాత సర్వర్ కొత్త సెట్టింగ్ చదివిందా లేదా
- తళుక్కున మెరిసి మెనూకి వచ్చేస్తోంది: స్క్రిప్ట్ మొదట్లోనే చచ్చిపోతోంది, ఎర్రర్ లాగ్ చూడండి
- మీకు నడుస్తుంది, మిగతావాళ్ళకి నడవట్లేదు: లెవెల్ 50 అకౌంట్‌తో లాగిన్ అయి చూడండి, స్క్రిప్ట్‌లో ఎక్కడో సిసాప్‌కి మాత్రమే ఉండే అనుమతి మీద ఆధారపడ్డారు
- పైథాన్ ఉంది కానీ దొరకలేదు అంటోంది: స్క్రిప్ట్‌ని నేరుగా పిలుస్తూ ఫైల్‌ని విండోస్‌లో ఎడిట్ చేసి ఉంటారు, లైన్ చివర్లు లినక్స్ పద్ధతికి మార్చండి
- మట్టం సేవ్ అవ్వట్లేదు: సర్వర్ ఏ యూజర్ కింద నడుస్తోందో ఆ యూజర్‌కి వరద ఫోల్డర్‌లో రాసే అనుమతి ఇవ్వండి. రూట్ కింద నడిపేస్తే పోతుంది కదా అనుకోవద్దు, స్క్రిప్ట్‌లో ఒక్క కన్నం ఉంటే సిస్టమ్ మొత్తం పోతుంది

9. అందరికీ తెరిచే ముందు

- 11.74, 11.75, 13.74, 13.75, 17.74, 17.75 ఆరూ కొట్టి చూశారా
- ఖాళీ ఎంటర్, అక్షరాలు, 1375, మైనస్ 5 కొట్టి చూశారా
- ప్రశ్న దగ్గర విండో మూసి, వైఫై ఆపి చూశారా
- రెండు నోడ్‌ల మీంచి ఒకేసారి వెళ్ళి చూశారా
- లెవెల్ 50 అకౌంట్‌కి నమోదు ఆప్షన్ కనపడకుండా ఉందా (ఇది చూడ్డానికి డోర్ యాక్సెస్ లెవెల్ కాసేపు 50కి దించాలి)
- డేటా ఫైల్ తీసేసి డోర్ తెరిస్తే ఇంకా ఏమీ నమోదు కాలేదు అని మర్యాదగా చెప్తోందా

అన్నీ అయ్యాక యాక్సెస్ లెవెల్ 90 నుంచి 50కి దించండి.

మిస్టిక్ వాడేవాళ్ళకి: అక్కడ సొంత స్క్రిప్ట్ భాష ఎంపీఎల్, దాన్ని కంపైల్ చేసి మెనూ కమాండ్ ద్వారా పిలవాలి, సోర్స్ మార్చాక మళ్ళీ కంపైల్ చేయకపోతే పాతదే నడుస్తుంది. ఎనిగ్మా హాఫ్ అయితే నోడ్ జేఎస్ మీద నడుస్తుంది, బయటి డోర్లకి అబ్రకదబ్ర అనే మాడ్యూల్, సెట్టింగ్స్ అన్నీ మెనూ ఫైల్లోనే. ఆప్షన్ల పేర్లు మారతాయి కానీ 7లో చెప్పిన టెస్టులు అక్కడ కూడా అవే, ముఖ్యంగా ఆ విండో మూసే టెస్ట్ ఏ బీబీఎస్ అయినా వదలకండి.